మొగలిలంక ట్రాక్టరు

మరీ పూర్వమూ కాదు, మరీ నిన్న మొన్నా కాదు. గోదావరి రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట, నీళ్ల నడుమ, మొగలిలంక అని ఒక ఊరుండేది.

ఒక ఏడు ఆ ఊరిని పెద్ద వరద ముంచింది. జనం పడవలెక్కి అవతలి గట్టుకు పోయి ప్రాణాలు దక్కించుకున్నారు. వరద తీశాక తిరిగొచ్చి చూసుకున్నారు. పచ్చని చేలు ఉండాల్సిన చోట మోకాలి లోతు ఒండ్రు పరుచుకుని ఉంది. ఎడ్లు కొట్టుకుపోయాయి. అవతలి ఒడ్డున బండ్లు దిగే రేవు విరిగి ఏట్లో కలిసిపోయింది. ఇక బయటి నుంచి ట్రాక్టరు తెచ్చుకోవడమన్న మాటే లేదు.

ఒండ్రు చెడ్డది కాదు. దాంట్లో ఏం వేసినా విరగపండుతుంది. అయితే తడి ఆరకముందే దున్ని విత్తాలి. ఆరిందంటే రాయే.

లంక మొత్తానికి ఉన్నది ఒక్కటే ట్రాక్టరు. అది గంగారత్నం పాకలో, టార్పాలిన్ కింద, ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంది. పాక మెరక మీద ఉండడం వల్ల వరద దాన్ని ముట్టలేదు. మనుషులూ ముట్టరు. ఎందుకంటే గంగారత్నం భర్త ఏడుకొండలు దాని మీదే పోయాడు.

ఒకనాటి ఉదయం రేవుకు దిగే వాలులో బండి అదుపు తప్పి ఏట్లోకి దొర్లింది. ఏడుకొండలు దాని కింద పడిపోయాడు. జనం పరిగెత్తుకొచ్చి చూస్తే సీటు కింద కల్లు ముంత కనబడింది.

"తాగి తోలాడు" అన్నారెవరో. ఆ మాట పొద్దుగూకేలోగా లంకంతా పాకింది. బండిని మోకులు కట్టి నీళ్లలోంచి లాగి, పాకలోకి తోసి, పైన టార్పాలిన్ కప్పి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

గంగారత్నం కూడా ఆ మాట నమ్మింది. అప్పుడప్పుడు తాగే మనిషే మరి. అత్తగారు అచ్చియ్యమ్మా నమ్మింది. నాటి నుంచి ఆ ఇంట్లో అతని ఊసు ఎత్తేవారు కారు.

ఒండ్రు పైపైన పెచ్చు కట్టడం మొదలైన రోజున గంగారత్నం అత్తగారి ఎదుట నిలబడింది.

"అత్తయ్యా, మన బండి బాగుచేయిద్దాం."

అచ్చియ్యమ్మ చేతిలోని చేట జారి బియ్యం నేలపాలయ్యాయి.

"మతి గాని పోయిందా రత్తం? నా కొడుకుని మింగిన బండి అది!"

"ఊరందరి తిండీ ఇప్పుడు దాని మీదుంది అత్తయ్యా. మన తిండి కూడా."

ముసలావిడ వంగి బియ్యం ఏరుకోసాగింది. వద్దనలేదు కనుక గంగారత్నం పడవెక్కి అవతలి ఒడ్డుకు వెళ్లింది.

అక్కడ జకరయ్య అని ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ ఒకడుండేవాడు. నెరిసిన గడ్డం, నిదానం మనిషి. ఆమె చెప్పింది విని, సంచిలో రెంచీలు సర్దుకుంటూ అన్నాడు.

"అమ్మా, ముందే ఒక సంగతి చెబుతున్నాను. పాత బండి కనబడగానే అందరికీ చేతులు దురదపెడతాయి. హేండిలు పెట్టి తిప్పేస్తారు. అలా చెయ్యకూడదు. ఎందుకు ఆగిందో తెలియకుండా తిప్పితే మిగిలింది కూడా పోతుంది. ముందు కడగాలి, తర్వాత విప్పాలి, తర్వాత చూడాలి. తిప్పడం అన్నిటికంటే ఆఖరు."

"మీరెలా చెబితే అలాగే మేస్త్రీ గారూ" అంది గంగారత్నం.

వాళ్లు రేవులో దిగేసరికి పోతురాజు ఎదురొచ్చాడు. పోతురాజు ఏడుకొండలికి ప్రాణ స్నేహితుడు. అతను పోయాక ఆ ఇంటికి దిక్కయినవాడు. వలలో మంచి చేప పడితే మొదట వాళ్ల గుమ్మంలోనే పెట్టేవాడు. వానాకాలం ముందు వాళ్ల ఇంటి కప్పు తానే నేయించేవాడు. గంగారత్నం అతన్ని నోరారా అన్నయ్యా అని పిలిచేది.

సంగతి విని పోతురాజు మొహం పాలిపోయింది.

"ఆ మాయదారి బండి మనకెందుకు చెల్లెమ్మా? పాత ఇనప సామాన్ల వాడికి తోలేద్దాం. దాన్ని చూసినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది."

"నాకూ అంతే అన్నయ్యా. కానీ చేలు ఎండిపోతున్నాయి" అందామె.

గంగారత్నం, జకరయ్య పాకలోకి వెళ్లి టార్పాలిన్ లాగారు. దుమ్ము ఒక్కసారిగా లేచింది. జకరయ్య బానెట్టు పైకెత్తాడో లేదో, లోపల్నుంచి బుస్సుమంటూ బారెడు ఉడుము ఒకటి అతని భుజం మీదుగా దూకింది!

మేస్త్రీ వెల్లకిలా పడ్డాడు. గంగారత్నం పెట్టిన కేకకు చుట్టుపక్కల వాళ్లు కర్రలతో పరిగెత్తుకొచ్చారు. ఉడుము వాళ్ల కాళ్ల సందునుంచి దూసుకుపోయి ఏటిగట్టు దిగిపోయింది.

"ఇదమ్మా సంగతి" అన్నాడు జకరయ్య, లేచి పంచె దులుపుకుంటూ. "మనం చూడకుండా తిప్పి ఉంటే అది ఫ్యానులో పడి నలిగిపోయేది. ఫ్యానూ పోయేది."

ఊరివాళ్లు నవ్వారు. గంగారత్నానికి మాత్రం నవ్వు రాలేదు. ఇంత జీవం ఏళ్లుగా తన గోడ పక్కనే కాపురముంది, తనకు తెలియనే లేదు!

మర్నాటి నుంచి పని మొదలైంది. విప్పిన ప్రతి భాగాన్నీ విప్పిన వరసలోనే గోనెపట్టా మీద పేర్చారు. గంగారత్నం ఒక్కొక్కటే కిరసనాయిలుతో కడిగేది. తుప్పు కింద నుంచి ఎర్ర రంగు అక్కడక్కడా తొంగిచూసేది. స్టీరింగు తుడుస్తుంటే, అతని అరిచేతులు ఆని ఆని నున్నగా అరిగిన చోటు ఆమె వేలికి తగిలింది. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ పూట ఇక స్టీరింగు జోలికి పోలేదు.

ఇంజను ఆయిలు దింపడానికి జకరయ్య కింద బిరడా విప్పాడు. నల్లటి ఆయిలు వస్తుందని గిన్నె పట్టి కూర్చుంది గంగారత్నం.

ఆయిలు రాలేదు. నీళ్లొచ్చాయి!

బొటబొటమని పచ్చటి నీళ్లు, వాటి వెనక మెత్తటి ఒండ్రు, ఆ పైన చిక్కటి జిగురు. గిన్నె నిండి పొర్లింది. ఆమె కళ్లప్పగించి చూస్తూ ఉండిపోయింది. భర్త ప్రాణం పోయిన నాటి ఏటి నీళ్లు అవి. అన్నేళ్లూ ఇంజను కడుపులో అలాగే ఉన్నాయి.

"దీన్ని తిప్పి ఉంటే?" అని మెల్లగా అడిగింది.

"లోపల అంతా ముక్కలయ్యేది. ఇక ఎవరి వల్లా బాగయ్యేది కాదు" అన్నాడు మేస్త్రీ.

ఇంజను తిరగకుండా పట్టేసి ఉంది. దాని సిలిండర్లలో డీజిలూ ఆయిలూ కలిపి పోసి నానబెట్టారు. "తొందరపెట్టకండి. దానంతటది వదులవ్వాలి" అన్నాడతను.

ఊరికి ఆ ఓపిక లేదు. ఒండ్రు మీద పెచ్చు గట్టిపడుతోంది. రోజూ ఎవరో ఒకరు పాక ముందు నిలబడి అయిందా, అయిందా అని అడిగేవారు. పోతురాజు కూడా రోజూ వచ్చేవాడు. లోపలికి మాత్రం అడుగు పెట్టేవాడు కాదు.

ఒకరోజు జకరయ్య హేండిలు వేసి ఒత్తితే ఇంజను కరకరమని పావు చుట్టు తిరిగింది. గంగారత్నం ఆనందంతో కేకేసింది. సాయంత్రానికి పూర్తిగా తిరిగింది.

"మేలు" అన్నాడతను. "ఇక కొత్త ఆయిలు పోయాలి. తర్వాత స్టీరింగు, బ్రేకులు విప్పి చూడాలి."

గుమ్మం బయట నుంచి పోతురాజు గొంతు వినబడింది.

"బ్రేకుల దాకా ఎందుకు మేస్త్రీ? దున్నే చేలో బ్రేకులతో ఏం పని? కాలం మించిపోతోంది కదా."

"చేలోకి వెళ్లాలంటే దారిలో నడవాలి కదా బాబూ" అని నవ్వాడు జకరయ్య. పోతురాజు నవ్వలేదు. తలపాగా సరిచేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయాన్నే ఆయిలు కోసం, దాన్ని వడగట్టే జల్లెడ కోసం గంగారత్నం, జకరయ్య పడవెక్కి అవతలి ఒడ్డుకు వెళ్లారు. వెళ్లేముందు ఆమె చక్రాల కింద రాళ్లు పెట్టి మరీ వెళ్లింది.

తిరిగి వస్తుంటే, నడి ఏట్లో ఉండగానే, ఆమె కళ్లు ఒడ్డు మీద పడ్డాయి. పడవలో దిగ్గున లేచి నిలబడింది.

రేవు వాలు పైన, ఏడుకొండలు పోయిన ఆ చోటనే, ఎర్ర ట్రాక్టరు నిలబడి ఉంది!

చుట్టూ జనం. వెనక తోయడానికి చేతులానించిన కుర్రకారు. సీటు మీద పోతురాజు కొడుకు సుందర్రావు కూర్చున్నాడు. పెళ్లీడుకొచ్చిన మనిషి, దుడుకు స్వభావం. ఇంజను తిరిగిందన్న మాట అతని చెవిన పడింది. వాలులో తోసేస్తే అదే అంటుకుంటుంది, ఈ మేస్త్రీ కోసం ఎన్నాళ్లు కూర్చుంటాం అని తోటివాళ్లను పోగుచేశాడు. టైర్లకు గాలి కొట్టి, రాళ్లు తీసి, పాకలోంచి తోసుకొచ్చాడు.

"ఆపండి! ఆపండర్రా!" అని గంగారత్నం గొంతు చించుకుంది. గాలి ఆ కేకను ఏటి మీదనే చెదరగొట్టింది. ఆమె ఒకసారి చూసినదే మళ్లీ చూడబోతున్నానా అనుకుంది.

"ఒకటీ... రెండూ..." అని పైన అరుపు మొదలైంది.

అంతలో చేల వైపు నుంచి పోతురాజు పరిగెత్తుకొచ్చాడు. తలపాగా ఎక్కడో పడిపోయింది. ఊపిరి అందడం లేదు. వచ్చీ రాగానే ముందు చక్రాల ఎదుట అడ్డంగా పడ్డాడు.

"దిగరా! ఒరేయ్ సుందరం, దిగు! దానికి బ్రేకు పట్టదురా! బ్రేకు లేదు!"

జనం చేతులు వదిలేశారు. ఎవరో చక్రాల కింద రాయి దొర్లించారు. సుందర్రావు గబుక్కున కిందికి దూకాడు.

ఆ కేక ఈసారి పడవ దాకా వచ్చింది.

పడవ ఒడ్డుకు తగిలింది. గంగారత్నం వాలు ఎక్కి వచ్చింది. ఎవరి మీదా అరవలేదు. నేల మీద కూలబడి ఉన్న పోతురాజు ముందు నిలబడింది.

"అన్నయ్యా, బ్రేకులు ఇంకా ఎవరమూ విప్పలేదు. బ్రేకు లేదని నీకెలా తెలుసు?"

అతను తలెత్తలేదు.

జనం మొదట ఆమె వైపు చూశారు. తర్వాత అతని వైపు చూశారు.

గంగారత్నం చీర కుచ్చిళ్లు దోపుకుని, మోకాళ్ల మీద వంగి, బండి కిందికి దూరింది. బ్రేకు తొక్కే పెడలుకూ, దాని వెనక ఇనప కడ్డీకీ నడుమ ఒక పిన్ను ఉండాలి. ఆ పిన్ను ఉంటేనే తొక్కిన తొక్కు చక్రాల దాకా పోతుంది. ఆమె వేళ్లతో తడిమింది. పిన్ను లేదు. ఆ బెజ్జంలో పడవ చెక్కలకు కొట్టే పలకల మేకు దిగేసి ఉంది. అది సగానికి విరిగి ఉంది. తుప్పు తినేసిన ఆ ముక్కను లాగి, బయటికొచ్చి, అరచేతిలో పెట్టి చూపింది.

జకరయ్య దాన్ని చూసి తల పట్టుకున్నాడు. "దేవుడా! బ్రేకుకి మేకు కొట్టారా? వాలులో గట్టిగా తొక్కగానే విరిగిపోయి ఉంటుంది."

"నేనే కొట్టాను" అన్నాడు పోతురాజు.

సుందర్రావు ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"ముందు రోజు సాయంత్రం అరటి గెలలు వేసుకోడానికి బండి నేనే అడిగి తీసుకెళ్లాను. బురదలో పిన్ను ఊడి పడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. చేతికి అందిన మేకు కొట్టి తెచ్చి వాళ్ల పాకలో పెట్టాను. పొద్దున్నే చెబుదామనుకున్నాను. నేను లేచేసరికే ఏడుకొండలు బండి తీసేశాడు."

"మరి కల్లు ముంత?" అని ఎవరో అడిగారు.

"అదీ నాదే. సీటు కింద మరిచిపోయాను. ఆ రోజు వాడు బొట్టు కూడా ముట్టలేదు. చెప్పేద్దామనే పరిగెత్తుకొచ్చాను. నేనొచ్చేసరికి తాగి పోయాడని అందరూ అంటున్నారు. నోట్లోంచి మాట రాలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి ఇంకా కష్టమైంది. ఇక ఏ రోజుకారోజు..."

అరచేతులతో మొహం కప్పుకున్నాడు.

గంగారత్నానికి పోతురాజు మోసం కంటే తన సంగతి తలుచుకుని ఎక్కువ దిగ్భ్రాంతి కలిగింది. చచ్చిపోయిన మనిషిని ఎన్ని తిట్లు తిట్టుకుంది! తాగుబోతు పెళ్లామన్న పేరు తనకు మిగిల్చి పోయాడని ఎన్నిసార్లు పళ్లు కొరుక్కుంది! పది అడుగుల దూరంలో, తన పాకలోనే, నిజం తుప్పు పట్టి కూర్చుంది. ఒక్క నాడైనా టార్పాలిన్ ఎత్తి చూడలేదు.

ఆమె మేకు ముక్కను పిడికిట్లో బిగించి అతని వైపు తిరిగింది.

"నాకు చెప్పావు, ఊరికి చెప్పావు. ఇప్పుడు వచ్చి మా అత్తయ్యకు చెప్పు."

పోతురాజు ముందు నడిచాడు. ఊరంతా వెనక నడిచింది. అచ్చియ్యమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అతను ఆమె కాళ్ల దగ్గర చతికిలబడి మొదటి నుంచీ చెప్పాడు. ఏదీ దాచలేదు.

ముసలావిడ విన్నంతసేపూ రెప్ప వేయలేదు. ఆఖరుకు అడిగింది.

"అయితే నా కొడుకు తాగలేదా?"

"తాగలేదు పెద్దమ్మా."

"ఇన్నేళ్లూ వాడి పేరన కాకికి ఒక ముద్దయినా పెట్టనివ్వలేదురా నేను" అందావిడ. "తాగి చచ్చినవాడికి పిండమేమిటని రత్తాన్ని కసిరాను. వాడు ఎన్నేళ్ల నుంచి ఆకలి మీదున్నాడోరా!"

అక్కడున్న వాళ్లలో తల దించుకోని వాళ్లు లేరు. తాగి తోలాడన్న మాట మొదట ఎవరన్నారో ఎవరికీ గుర్తు లేదు. దాన్ని మోసింది మాత్రం అందరూను.

ఆ పూటే అచ్చియ్యమ్మ పొయ్యి వెలిగించి కొడుకు పేరన వండింది. ఊరివాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మాట తప్పయిందని చెప్పి, ఒక్కొక్క ముద్ద తిని వెళ్లారు.

మర్నాడు జకరయ్య సరైన పిన్ను వేశాడు. బ్రేకులు విప్పి కడిగాడు. స్టీరింగు చూశాడు. కొత్త ఆయిలు పోశాడు. ఈసారి ఎవరూ అయిందా అని అడగలేదు. ఊరంతా కిరసనాయిలు గుడ్డలు పట్టుకుని ఏ పని చెబితే ఆ పని చేసింది. అన్నీ చూశాకే అతను హేండిలు గంగారత్నం చేతికిచ్చాడు.

మొదటి తిప్పుకు ఇంజను దగ్గింది. రెండో తిప్పుకు నల్లటి పొగ కక్కింది. మూడో తిప్పుకు పాక అదిరేలా అంటుకుంది. ఆమె ఉలిక్కిపడి వెనక్కి దూకింది. తర్వాత చిన్నపిల్లలా నవ్వింది.

తోలడం జకరయ్యే ఆమెకు నేర్పాడు. పెచ్చు రాయి కాకముందే లంకలోని చేలన్నీ దున్నారు. పోతురాజు చేను వంతు వచ్చినప్పుడు అతను గట్టు మీద నిలబడి చేతులు జోడించాడు.

"నా చేను వద్దు చెల్లెమ్మా. నాకు ఆ హక్కు లేదు."

గంగారత్నం బ్రేకు తొక్కి బండి ఆపింది.

"నీ చేను బీడు పెడితే నీ ఇంట్లో వాళ్లు పస్తుంటారు. దున్నుతాను. కానీ అన్నయ్యా, మా గుమ్మంలోకి మాత్రం ఇప్పుడే రాకు. నా మనసు ఎప్పుడు వదులవుతుందో నాకే తెలియదు."

"ఎన్నాళ్లయినా కాచుకుని ఉంటాను" అన్నాడతను.

ఆమె బండి కదిలించింది. నల్లటి ఒండ్రు సాళ్లు సాళ్లుగా విచ్చుకుంది. ఆ యేడు మొగలిలంకలో పండినంత పంట అంతకుముందెన్నడూ పండలేదు.

కనుక పిల్లలూ, ఆగిపోయిన బండినైనా, పోయిన మనిషినైనా, లోపల ఏం జరిగిందో విప్పి చూడకుండా ఎన్నడూ తప్పు పట్టకూడదు.